దయారత్నం ఎంచుకున్న ఇంకు

అమీర్‌పేట నుంచి పంజగుట్టకు పోయే దారిలో, ఒక సందులో దయారత్నం ఫొటో ప్రింట్ల షాపు ఉంది. ఆయన కంటికి ఎరుపు, ఆకుపచ్చ సరిగా వేరుపడవు. పుట్టుకతోనే అంత. రంగుల ప్రింటు ఏది తీసినా పై అంతస్తు నుంచి భార్య జీవమణి దిగివచ్చి చూసేది. ఆమె చెప్పినదాన్నిబట్టి సరిచేసి మళ్లీ తీసేవాడు. బ్లాక్ అండ్ వైట్ ప్రింట్లకు మాత్రం ఆమెను పిలిచేవాడు కాదు. అందులో రంగేముంది అనుకునేవాడు.

హైందవి అనే అమ్మాయి ఎర్రగడ్డ రైతుబజారులో కూరగాయలమ్మే వాళ్లను బ్లాక్ అండ్ వైట్‌లో ఫొటోలు తీసింది. బేగంపేటలో ప్రదర్శన పెడుతున్నానని ప్రింట్లు తీసే పని ఈయనకిచ్చింది. షాపు ట్యూబులైటు కింద చూసుకుని సంతోషంగా పట్టుకెళ్లింది. మర్నాడే తిరిగి తెచ్చింది. కిటికీ దగ్గర పెడితే ముఖాలన్నీ పాచి పట్టినట్టున్నాయంది.

దయారత్నం బయటి వెలుతురులో పట్టుకుని చూశాడు. ఏ తేడా తెలియలేదు. జీవమణి చూసి, నిజమేనంది.

“నాకు ఎరుపు, ఆకుపచ్చ తేడా తెల్వదమ్మా,” అన్నాడు.

హైందవి ప్రదర్శన దగ్గరపడిందని పని ఇంకో చోటికి తీసుకుపోయింది.

ఆయన ప్రింటరు రంగు ఇంకులన్నీ కలిపి బూడిద రంగు పుట్టిస్తోంది. పాళ్లు కాస్త తప్పినా, మీద పడే వెలుతురు మారినా, ఏదో ఒక రంగు పైకి తేలుతుంది. నల్ల ఇంకు ఒక్కటే వాడి చూశాడు. లేత చోట్లలో చుక్కలు కనిపించాయి. ఇంకులమ్మే మహేశ్‌ని అడిగితే, నలుపు, రకరకాల బూడిద రంగులు విడివిడిగా నింపుకునే సెట్లు రెండు తెప్పించాడు. ఒకదాంట్లో బూడిద రంగు తేటగా కనబడేందుకు కొంచెం నీలం కలిపారు. రెండోదాంట్లోవి వట్టి మసితో చేసిన ఇంకులు, చిక్కగా ఒకటి, పలచగా ఒకటి. మూల పడున్న రెండు పాత ప్రింటర్లలో చెరొకటి నింపి, నమూనాలు తీసి తలుపుకు అంటించాడు.

“రెండోది జర మట్టి రంగు కొడ్తుంది. మొదటిదే తీసుకోండి,” అంది జీవమణి.

“మొదటిదాంట్ల నీలం ఉన్నది. రేపు అది ఎక్కువైతే నాకు తెల్వదు. రెండోదాంట్ల మసి తప్ప ఇంకేం లేదు, ఆ మట్టి రంగు ఎప్పుడైనా గంతే ఉంటది. నేను చూసిందే అందరు చూస్తరు.”

గిరాకీలు ఒప్పుకోరని ఆమె అంది. కొందరు ఒప్పుకోలేదు కూడా. అందుకని ముందే మసి ఇంకు నమూనా చూపించి ఆర్డరు తీసుకునేవాడు. నచ్చనివాళ్లు వెళ్లిపోయేవాళ్లు. రంగుల ప్రింట్లకు వేరే ప్రింటరు పెట్టుకున్నాడు. వాటికి జీవమణి దిగివస్తూనే ఉంది.

వర్షాకాలంలో హైందవి మళ్లీ వచ్చింది. తలుపు మీది నమూనా పీకి, ట్యూబులైటు కింద, తర్వాత వీధిలో పట్టుకుని చూసింది. రైతుబజారు ఫొటోలన్నీ మళ్లీ వేయమంది. దయారత్నం తీసి, ఆరబెట్టి, ఎవరినీ పిలవకుండా కవర్లలో పెట్టాడు.

సాయంత్రం జీవమణి దిగివచ్చి, నాకు చూపించలేదేమని అడిగింది. ఆయన ఒక కవరు విప్పి ఇచ్చాడు. ఆమె చాలాసేపు చూసింది.

“గీమె దగ్గరనే మనం చింతచిగురు కొంటం,” అంది.