వెండెలీన్ పాతిన రాయి

మ్యాపులో చూస్తే జాల్హొత్కా అనే ఊరు ఈగ వాలినంత చుక్క. ఉత్తరాన అడవి, దక్షిణాన వాగు, మధ్యలో నలభై ఒక్క ఇళ్ళు, గంట ఉన్న చిన్న ప్రార్థన మందిరం. పైపొలాలు ఎర్రనేల, వాగు పక్కన బూడిదరంగు బంకమట్టి. ఆ రెండూ ఎక్కడ కలుస్తాయో అందరికంటే బాగా తెలిసినవాడు ట్రాక్టరు వెండెలీన్. తెలియకేం, అక్కడి గట్లన్నీ దున్ని పారేసింది అతనే.

యాభై రెండులో కమ్యూనిస్టు సర్కారువాళ్ళు ఊరి పొలాలన్నీ సహకార క్షేత్రంలో కలిపేశారు. ఇరవై ఆరేళ్ళ వెండెలీన్‌ని కొత్త ట్రాక్టరు ఎక్కించి, ఒక్క గట్టు కూడా మిగలకూడదన్నారు. కాదంటే ఏమవుతుందో అతనికి తెలుసు. మూడు వారాల్లో గట్లు పోయాయి, వాటితోపాటు అడవి గులాబీ పొదలు, ‘కాకిమడి’, ‘పెళ్ళికూతురి చెక్క’ అనే పొలం పేర్లూ పోయాయి. ఆ పేర్లు తలుచుకుంటే ఊరివాళ్ళకి ఇప్పటికీ ప్రాణం ఉసూరుమంటుంది. ఆఖరున కూలింది బ్లజెనా అనే అమ్మాయి వాళ్ళ నాన్న గట్టుమీది బేరిచెట్టు. ఆనాటి నుంచి బ్లజెనా వెండెలీన్‌తో మాట్లాడలేదు. నలభై ఏళ్ళు, రొట్టెల కొట్టు వరసలో ముందూ వెనకా నిలబడి కూడా.

ఆ సర్కారు పడిపోయాక, తొంభై రెండులో ఎవరి పొలం వాళ్ళకి తిరిగి ఇస్తామన్నారు. బ్లజెనా నాన్న నేలే కావాలంది. సర్వేయరు వచ్చి రెండు రోజులు తల పట్టుకున్నాడు.

"పాత పటంలో హద్దులన్నీ వాగునుంచి కొలిచారు. ఆ వాగునేమో తర్వాత తిన్నగా జరిపేశారు. నేను దేన్నుంచి కొలవనమ్మా? సాయంత్రంలోగా హద్దు తేలకపోతే ఇంకోచోట ముక్క రాసేస్తాను."

అప్పుడొచ్చాడు వెండెలీన్, భుజాన పారతో. మందిరం గంటగోపురం కొన, ఊరి మిల్లు కప్పు మూల కంటికి ఒకే వరసలోకి వచ్చేదాకా నడిచాడు. మట్టి తీసి నలిపి చూశాడు. రెండడుగులు ఎడమకి జరిగి తవ్వడం మొదలుపెట్టాడు.

"చెరిపినవాడే చూపిస్తాడట" అంది బ్లజెనా, అతనితో కాదు, సర్వేయరుతో.

మోకాలి లోతులో పార ఖంగుమంది. హద్దురాయి నిలువునా ఉంది, నెత్తిన ఆమె తాత చెక్కిన అక్షరాలతో సహా.

"రాళ్ళన్నీ పెరికి రోడ్డుకి తోలమన్నారు" అన్నాడు వెండెలీన్ గుంతలోకే చూస్తూ. "మీ నాన్న ఆ రోజంతా ట్రాక్టరు వెనకే నడిచాడు. తిట్టినా బాగుండేది. అందుకే చీకటి పడ్డాక వచ్చి దీన్ని మాత్రం ఉన్నచోటే లోతుకి దించేశాను, నాగలికి తగలకుండా."

బ్లజెనా మోకాళ్ళమీద కూర్చుని తలరుమాలుతో రాయి తుడిచింది. చాలాసేపు తుడిచింది.

"నాన్న పోయేదాకా దీని గురించే అడిగాడయ్యా. ఒక్కమాట చెప్పకూడదూ?"

"మొదట్లో చెబితే జైలు. ఆ తర్వాత నువ్వు మాట్లాడితే కదా."

ఆమె ముఖం తిప్పుకుంది. నలభై ఏళ్ళ కోపం ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తెలియలేదు.

"రేపు పొద్దున్నే రా" అంది చివరికి. "బేరిమొక్క తెస్తాను. గుంత మాత్రం నువ్వే తియ్యాలి."