అత్త బొమ్మకి ఫ్రేము

నేను సవర పిల్లనని తెలియగానే బొమ్మలు కొనడానికి వచ్చినవాళ్ల కళ్లు మెరుస్తాయి. "అయితే గుర్రాలూ, పుల్లల్లాంటి మనుషులూ గీస్తారా?" అని అడుగుతారు. గీయను. నేను మొహాలు గీస్తాను. స్టీలు ప్లాంటులో రిటైరైన ఆయనకి హెల్మెట్ పెట్టుకున్న బొమ్మ కావాలి. ప్లాంటు కాలనీ సెక్టారులో ఉండే మామ్మగారికి పోయిన మొగుడు కాస్త నవ్వుతూ కనబడాలి. భిలాయిలో ఇన్నేళ్లుగా నాకు అన్నం పెట్టింది ఈ మొహాలే. అయినా మేళాల్లో నన్ను వెదురుబుట్టల పక్కనే కూర్చోబెట్టేవారు. ఒళ్లు మండేది.

అందుకే నెహ్రూ నగర్‌లో ఒక హాలువాళ్లు నా మొహాల బొమ్మలతోనే ప్రదర్శన పెడతామంటే మొదట నమ్మలేదు. నమ్మాక, నడిమి గోడకి మా అత్త బొమ్మే ఉండాలని పట్టుబట్టాను. అత్తంటే మా నాన్న చెల్లెలు. నాన్న శ్రీకాకుళం కొండల నుంచి ప్లాంటు ఉద్యోగానికి వస్తే వెంట వచ్చింది. అమ్మ పోయాక నన్ను పెంచింది.

అత్త ససేమిరా అంది. మావాళ్లు గోడ మీద బొమ్మ వేసేది పోయినవాళ్ల కోసం. ముందు చుట్టూ గీత గీస్తారు. అది ఇల్లు. అందులో వాళ్లకి కావలసినవన్నీ వేసి, వచ్చి ఉండమని పిలుస్తారు.

"నాను బతికే ఉన్నాను కదేటే. అప్పుడే నాకు ఇల్లు కట్టీస్తావేటి?" అంది.

చాన్నాళ్లు బతిమాలితే ఒక షరతు మీద కూర్చుంది. "సుట్టూ గీత ఉండకూడదు. నన్ను అందులో పెట్టి మూసీకు." సరేనన్నాను. గడ్డం మీది పచ్చబొట్టు, సాగిన చెవి తమ్మెలు, నన్ను తిట్టబోయే ముందు బిగించే పెదవులు, అన్నీ వేశాను. కాన్వాసు అంచుల దాకా రంగు నింపాను. ఎక్కడా గీత లేదు.

పవర్ హౌస్ మార్కెట్లో ఫ్రేములు కట్టే భయ్యాకి మిగతా బొమ్మలన్నీ ఇచ్చి, అత్తది మాత్రం నేరుగా హాలుకి పంపాను. ప్రదర్శన నాడు పొద్దున్నే వెళ్లి చూస్తే అత్త చుట్టూ బంగారు రంగు ఫ్రేము మెరిసిపోతోంది. బొమ్మలు తగిలించడానికి వచ్చిన భయ్యాకి ఇదొక్కటే బోసిగా కనబడిందట. నాకు బహుమతిగా బిగించేశాడు.

"దీదీ, బినా ఫ్రేమ్ తస్వీర్ నంగీ లగ్తీ హై," అన్నాడు. ఫ్రేము లేని బొమ్మ ఒంటి మీద బట్ట లేనట్టుంటుందని ఆయన వాదన.

గీత గీసి మూసేయడం లాంటివి నమ్ముతావా అని ఎవరైనా అడిగితే నేను నవ్వేసేదాన్ని. కానీ అత్తకి ఆ వారమంతా జ్వరం, దగ్గు. ఆ ఫ్రేములో ఆవిడ, నేను వేసి ఇచ్చే పోయినవాళ్లలో ఒకరిలా కనబడింది. అత్త అప్పటికే ఆటో ఎక్కింది.

బొమ్మ దించి, భయ్యా చేతిలోని స్క్రూడ్రైవర్ లాక్కున్నాను. మేకులతో పాటు జిగురు కూడా దట్టంగా పట్టించాడు మహానుభావుడు. నేను పెకిలిస్తుంటే ఆయన బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు. కింది చెక్క ఒక్కటి ఊడేసరికి ఆటో వచ్చేసింది. చేసేదిలేక బొమ్మని అలాగే గోడకి తగిలించాం.

అత్త దాని ముందు నిలబడింది.

"ఏటే ఇది?"

"భయ్యాకి తెలీక కట్టీసినాడత్తా. తీస్తన్నాను. కింద ముక్క ఒక్కటే ఊడింది."

అత్త వంగి, కింది అంచు వెంబడి అరచేతితో తడిమింది. చెక్క తగల్లేదు. మరోసారి తడిమి నడుం ఎత్తింది.

"ఇటేపు తెరిసే ఉంది కదే. ఎప్పుడు కావాలంటే అప్పుడు బయటికొచ్చీగలను." తర్వాత భయ్యా వైపు తిరిగింది. "చాయ్ కహా హై, బేటా?"

నాకు నవ్వూ ఏడుపూ కలిసి వచ్చాయి. భయ్యా పరుగెత్తి టీ తెచ్చాడు.

బొమ్మ ఇప్పుడు మా ముందుగదిలో ఉంది. అత్త జ్వరం తగ్గి, దాని కిందే కూర్చుని కూర తరుగుతూ నన్ను తిడుతోంది. ఆ ఊడిన చెక్కతో నేను లోపలి గదిలో రంగులు కలుపుకుంటున్నాను. అప్పుడప్పుడు అత్త నా గదిలోకి తొంగి చూస్తుంది.

"ఒలమ్మీ, ఆ ముక్క నీ దగ్గరే ఉంది కదా?"

"నా దగ్గరే ఉందత్తా," అంటాను.