పండ్లు పడ్డా అష్ట అష్టే

జహీరాబాద్‌లో ఏటా ఫంక్షన్ హాల్లో జరిగే బోర్డు ఆటల మేళాకు మొదటినుంచీ పోతున్నాను. పోయినేడు అష్టాచమ్మా ఫైనల్లో నాకు ఎదురు మా బామ్మర్ది మల్లయ్య. అష్ట పడితే నా ఆఖరి కాయ పండి నేను గెలుస్తాను. అలవాటు ప్రకారం గుప్పిట్లో గవ్వల మీద గట్టిగా ఊదాను. కట్టుడు పండ్లు ఊడి పటం మీద పడ్డాయి. ఉలిక్కిపడి గుప్పిట విప్పితే గవ్వలూ పడ్డాయి. చూస్తే అష్ట.

"బావా, పండ్లకు ఎన్ని గడులు జరుపాలె?" అన్నాడు మల్లయ్య. హాలంతా నవ్వింది.

"తాతా, మళ్ల ఎయ్యుండ్రి" అన్నది ఆట నడిపే అమ్మాయి.

"పడ్డ గవ్వలను మళ్ల ఎందుకేస్తనమ్మా? గిదేం రూలు?" అని కొట్లాడినా వినలేదు. మళ్లీ వేస్తే రెండు పడింది. మల్లయ్య గెలిచాడు.

ఈ ఏడాది పండ్లు జేబులో పెట్టుకొని ఆడాను. ఊదితే గాలి పక్కకు పోయింది, మొదటి ఆటలోనే ఓడాను. అయినా ఆ అష్ట నాదే.