ఒక్క మెతుకు లేదు

మా మేనత్త సూపు గిన్నెలో చెంచాను అడుగుదాకా తిప్పి, ఎదుట ఎవరుంటే వాళ్లకు చూపించాకే తాగేది. "చూడు అల్లుడా, ఒక్క మెతుకు లేదు," అనేది.

షుగరు వల్ల ఆమె కాలి బొటనవేలు అప్పటికే తీసేశారు. పక్కన లేచిన పుండు మానకపోతే పాదమే పోతుందని భద్రాచలం డాక్టరు చెప్పాడు. అన్నం మానేసి కూరగాయల సూపు తాగమన్నాడు. ఆమె కళ్లు మూసుకుని ప్రార్థన చేసుకుని మరీ తాగింది. షుగరు మాత్రం దిగలేదు. మా మామ కొత్తగా కొన్న సెల్‌ఫోను నుంచి నాకు చేసి, "మళ్ల పెరిగింది అల్లుడా. దేవుడు నామీద పగబట్టిండా ఏంది?" అని ఏడ్చేది.

ఒక మధ్యాహ్నం పర్ణశాలలో వాళ్లింటికి వెళ్లాను. మామ కోసం అన్నం వార్చి, ఆ వేడి గంజిని ఉడుకుతున్న బీరకాయ ముక్కల మీద పోస్తోంది. మా ఇళ్లలో నీరసపడ్డవాళ్లకు గంజే బలం.

"సూపుల గంజి పోస్తున్నవా అత్తా?"

"ఉత్త నీళ్లు తాగి ఎట్ల బతకాలె? అన్నం ముట్టలే గద."

"గంజిల ఉన్నది అన్నమే అత్తా."

ఆమె గిన్నె కింద పెట్టింది.

"ఇన్నాళ్లు నా కాలు నేనే తిన్ననా," అంది.

ఆ రోజు నుంచి ఉత్త నీళ్లతోనే కాచుకుంది. అయినా పాదం దక్కలేదు. ఆఖరిసారి చూసినప్పుడు మంచం మీద కూర్చుని గిన్నెలో చెంచా తిప్పుతోంది. ఈసారి నాకు చూపించలేదు. అడుగున ఒక్క మెతుకైనా దొరుకుతుందేమోనని వెతుకుతోంది.