ఎడమ పెట్టెలో గరగర

మా ఆయన పెద్దకర్మ రోజు పొద్దున్నే మా ఆడపడుచు ఇల్లు కడిగింది. కడగడమంటే మామూలు కడగడం కాదు. మైల పట్టిన ఇంట్లో పసుపు నీళ్ళు తగలని వస్తువు ఒక్కటీ మిగలకూడదని ఆమె పట్టుదల. మంచం, బీరువా, కుక్కర్, చివరికి గోడ గడియారం కూడా తడిసింది. ముందు గదిలో గోడ వారగా నేల మీద ఆయన స్పీకరు పెట్టెలు రెండూ మిగిలాయి. ఆయన్ని పడుకోబెట్టింది సరిగ్గా వాటి ముందే. వాటికంటిన మైల ఇంతా అంతా కాదనుకుని, బకెట్టెత్తి రెండింటి మీదా కుమ్మరించింది.

నన్ను లోపలి గదిలో మూలన కూర్చోబెట్టారు. నీళ్ళ చప్పుడు వినపడింది గానీ దేని మీద పడుతున్నాయో తెలియలేదు.

ఆడబిడ్డ అర్ధమొగుడు అంటారు. మా ఆమె ముప్పాతిక. నూజెండ్ల నుంచి బస్సు దిగిందంటే శావల్యాపురంలో మా వంటింట్లో డబ్బాలు కూడా చోటు మారాల్సిందే. తడిసిన పెట్టెల్ని తనే మేడ మీదికి చేర్చి, మిరపకాయలు ఆరబోసినట్టు నడి ఎండలో పెట్టింది. మా ఊళ్ళో ఏది తడిసినా మందు అదొక్కటే. సాయంత్రానికి పెట్టెల అంచులు ఉబ్బి పొరలు లేచాయి. ముందున్న గుడ్డ వెనక, పాట పలికించే కాగితం గిన్నె వంకర్లు పోయింది.

రెండు రోజులాగి స్విచ్చి వేస్తే ఎడమది పలకలేదు. కుడిది రేకు మీద గరిటెతో గీకినట్టు గీరింది. నాకు ఒళ్ళు తెలియలేదు. అందరి ముందూ ఆమెను నానా మాటలూ అన్నాను. “ఆయన వదిలిపోయింది ఆ కాస్త. అది కూడా కడిగి పారబోశావే” అన్నాను. ఎప్పుడూ మాటకు మాట అప్పజెప్పే మనిషి, ఆ రోజు సంచి సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆ పెట్టెలంటే ఆయనకు ప్రాణం. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కున్నాక ముందు స్విచ్చి, తర్వాతే మంచినీళ్ళు. వాటి గురించి మేం పోట్లాడుకున్నంతగా మా వాళ్ళు పొలం గట్ల గురించి కూడా పోట్లాడుకోలేదు. ఎప్పుడో ఎడమ పెట్టెలో ఆ కాగితం గిన్నెను ఎలుక కొరికింది. ఎన్నికల్లో పోస్టర్లు అంటించగా మిగిలిన మైదా జిగురు తెచ్చి, పల్చటి కాగితం ముక్క ఆయనే అతికించాడు. అప్పటినుంచి డప్పు దెబ్బ పడినప్పుడల్లా అది గరగరమనేది. చుట్టాలొస్తే నాకు తల కొట్టేసినట్టుండేది. మార్పించమంటే, “నా గొంతూ గరగరేగా, నన్ను కూడా మార్పిస్తావా ఏంది” అనేవాడు.

ఆయన గొంతు ఏ ఫోన్‌లోనూ లేదు. పెళ్ళిళ్ళలో తీసిన వీడియోల్లో కూడా వెనక ఎక్కడో నిలబడి నవ్వుతూ కనపడతాడు, అంతే. నాకు మిగిలింది ఆ గరగర ఒక్కటే. దాన్ని ఎలాగైనా దక్కించుకోవాలని రెండు పెట్టెలూ ఆటోలో వేసుకుని నరసరావుపేట వెళ్ళాను.

పాత సౌండు సిస్టములు బాగుచేసే భాయ్ గుడ్డలు ఊడదీశాడు. రెండు వేళ్ళతో కాగితాన్ని మెల్లగా నొక్కి చెవి ఆనించాడు. తీగలకు చిన్న బ్యాటరీ సెల్లు తగిలిస్తే కుడిది టక్కుమంది. ఎడమది ఉలకలేదు. గుడ్డ తీసి నీడలో ఫ్యాను కింద ఆరబెట్టి ఉంటే కాగితం దక్కేదనీ, ఎండే దాన్ని మెలేసిందనీ చెప్పాడు. చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభం. కుడిదానికి ఊడిన అంచు అతికిస్తే చాలట. ఉబ్బిన చెక్కకు రంపపు పొట్టూ జిగురూ కలిపి కూరి, పలకల మధ్య బిగించి ఉంచుతానన్నాడు.

ఎడమదానికి ఏమీ కొత్తది వెయ్యొద్దనీ, ఆ అతుకుతో సహా ఉన్నదున్నట్టు చెయ్యమనీ బతిమాలాను. అతను బ్లేడుతో అంచు లేపాడు. కాగితం అప్పడంలా విరిగి అరచేతిలోకి వచ్చింది. “ఇది నిలబడదమ్మా. కొత్తది ఏస్తే గంటలా మోగుద్ది” అన్నాడు. గంట ఎవరిక్కావాలి? కానీ మూగగా పడి ఉండటం కంటే నయమని తలూపాను.

బాగై వచ్చిన రోజు ఇరుగూ పొరుగూ చేరారు. పాట పెట్టాను. డప్పు దెబ్బ పడే చోటికి వచ్చేసరికి ఎడమ పెట్టె వైపు చెవి ఒగ్గాను. ఏమీ లేదు. దెబ్బ శుభ్రంగా మోగి ముందుకు పోయింది. ఇంత బాగా ఎప్పుడూ పలకలేదని అందరూ మెచ్చుకుంటుంటే, వాళ్ళను ఇంట్లోంచి వెళ్ళగొట్టాలనిపించింది. నోరు తెరిస్తే ఏడుస్తానని నవ్వుతూ కూర్చున్నాను.

ఎవరు కబురు చేశారో, మా ఆడపడుచు వచ్చి గుమ్మం బయటే నిలబడింది. పక్కింటి పిన్ని ఆమెను చూసి, పెట్టెలు బాగైపోయాయి, ఇంక బాధపడొద్దని సర్దిచెప్పింది. ఆమె చెప్పులు కూడా విప్పకుండా తల వంచుకుని పాట వింది. మళ్ళీ డప్పు దెబ్బ పడింది. ఆమె తలెత్తి నా వంక చూసింది.

“అన్న లేడు వదినా ఇందులో” అంది.

ఆమె మీద దాచుకున్న కోపమంతా ఏమైందో నాకు తెలియదు. లేచి పాట ఆపేశాను. “లేడే అమ్మాయ్. ఇంక రాడు” అన్నాను. ఆయన పోయినప్పటినుంచి ఆ మాట నా నోటితో అనడం అదే మొదలు. ఆమె అక్కడే గడప మీద కూలబడింది. నేను వెళ్ళి ఆమె పక్కన కూర్చున్నాను.