ముక్కు మీరావలి ఆదివారాలు

గుంటూరు మిరపకాయల కొట్లలో ఆయన్ని ‘ముక్కు మీరావలి’ అనేవాళ్ళు. ముక్కు పెద్దదని కాదు. బస్తాలోంచి గుప్పెడు కాయలు తీసి, ఒకటి తుంచి, కళ్ళు మూసుకుని వాసన చూసేవాడు. కాయ కల్లంలో వానకి తడిసిందా, గోతంలో ఎన్నాళ్ళు మగ్గిందో, అన్నీ చెప్పేవాడు. అమ్మే రైతు గానీ కొనే షావుకారు గానీ ఆ మాటకి ఎదురు చెప్పేవాళ్ళు కాదు.

భార్య సర్దార్‌బీది పర్చూరు దగ్గర పల్లెటూరు, దూదేకులవాళ్ళ పిల్ల. పెళ్ళయి పాతికేళ్ళయినా పిల్లలు లేరు. మొదట్లో చుట్టాలు అడిగారు, తర్వాత అడగడం మానేశారు. ఆ ఇంట్లో పండగంటే ఆదివారమే.

“ఆరు రోజులు ఘాటు పీల్చిన ముక్కు సర్దారూ. ఇయ్యాలన్నా దానికి నాలుగు మంచి వాసనలు చూపించొద్దా?” అంటూ మీరావలి పొద్దున్నే చొక్కా తొడుక్కునేవాడు.

అవి ఎనభై, ఎనభై ఒకటి నాటి రోజులు. ఇద్దరూ బస్సులో వెళ్ళి తాడేపల్లిలో దిగేవాళ్ళు. అక్కణ్ణించి కృష్ణ బ్యారేజీ మీద నడక. నీళ్ళ మీంచి వచ్చే గాలికి సర్దార్‌బీ కొంగు నిలిచేది కాదు. అవతలి ఒడ్డున బెజవాడలో అల్లప్పచ్చడితో పెసరట్టు. నెలకోసారి రైల్లో ఒంగోలు, అక్కణ్ణించి బస్సులో కొత్తపట్నం. అక్కడ తోమా అని చేపలు పట్టేవాడు ఉండేవాడు. గుంటూరుకి ఎండు చేపలు తెచ్చి అమ్ముకుంటూ మీరావలితో స్నేహం చేశాడు. తోమా పెళ్ళాం మామిడికాయ వేసి నెత్తళ్ళ చేపలు వండే రోజున మీరావలి వీధి చివరే వాసన పట్టి ఆగిపోయేవాడు.

“మామిడికాయ ఇంకా పడలా. మనం తొందరపడక్కర్లేదు,” అనేవాడు.

వెళ్ళి చూస్తే నిజంగానే ఆ ఇల్లాలు అప్పుడే కాయ చెక్కు తీస్తూ ఉండేది.

తినేటప్పుడు మొగుడూ పెళ్ళాల మధ్య మాటలుండేవి కావు. ఒకరి మొహం ఒకరు చూసుకుంటే సరిపోయేది.

ఎనభై నాలుగు వేసవిలో లారీ మీద మిరప బస్తాలు సర్దిస్తూ మీరావలి వెల్లకిలా కింద పడ్డాడు. తల వెనక భాగం రాతికి కొట్టుకుంది. తొమ్మిది రోజులు ఆస్పత్రి. బతికాడు. మాటకీ నడకకీ లోటు రాలేదు. సర్దార్‌బీ మొదటిసారి క్యారియర్ తెచ్చి మూత తీసిన రోజున అసలు సంగతి ఆయనకి తెలిసింది. గోంగూర పప్పులో పులుపు తెలుస్తోంది, గోంగూర తెలియడం లేదు. ఆవిడ బయటికి వెళ్ళాక డాక్టరుని అడిగాడు.

“ఒక ఏడాది చూడండి. వాసన వస్తే రావచ్చు, లేకపోతే లేదు,” అన్నాడు డాక్టరు.

ఏడాదే కదా, ఈలోపు ఆమెని బాధపెట్టడం ఎందుకని మీరావలి ఊరుకున్నాడు. కొట్లో రంగు చూసి, కాయ విదిలించి, గింజల చప్పుడు విని నెట్టుకొచ్చాడు. ఆదివారాలు మాత్రం మానలేదు. పెసరట్టు తిన్నాడు, నెత్తళ్ళు తిన్నాడు. నోటికి ఉప్పూ పులుపూ కారమే తగిలేవి, మిగతాదంతా నమిలి మింగడమే. సర్దార్‌బీ తల ఊపితే తనూ ఊపేవాడు. సన్నాయి వాయించేవాణ్ణి చెవిటివాడు చూస్తూ కూర్చున్నట్టు ఉండేదని తర్వాతెప్పుడో చెప్పాడు.

సర్దార్‌బీకి అనుమానం వచ్చింది పాల దగ్గర. ఒకరోజు ఆయన పొయ్యి పక్కనే పీట మీద కూర్చుని గోళ్ళు తీసుకుంటున్నాడు. ఆమె దొడ్లో బట్టలు ఆరేసి వచ్చేసరికి పాలు మాడి ఇల్లంతా కమురు వాసన.

“ఎదురుగానే ఉన్నావు గదయ్యా!”

“ఏదో ఆలోచనలో పడ్డా.”

మర్నాడు ఆమె ముద్దపప్పు వండింది. వేడన్నం మీద నెయ్యికి బదులు వేరుశనగ నూనె కాచి పోసింది. ఆయన కలుపుకుని, ముద్ద నోట్లో పెట్టుకుని, ఎప్పట్లాగే కళ్ళు మూసుకున్నాడు.

“నెయ్యి ఎట్టా ఉంది?”

“అబ్బ, కమ్మగా ఉందే. గేదె నెయ్యేనా?”

సర్దార్‌బీ గిన్నె అక్కడే పెట్టి దొడ్లోకి వెళ్ళిపోయింది. ఎంతకీ రాకపోతే ఆయన ఎంగిలి చేత్తోనే వెనకాల వెళ్ళాడు. ఆమె బావి దగ్గర నిలబడి ఉంది.

“అది నూనె,” అంది. “ఎన్నాళ్ళ నుంచి?”

“పడ్డప్పటి నుంచి.”

“మరి కొత్తపట్నంలో? పోయిన వారం బెజవాడలో?”

మీరావలి తల దించుకున్నాడు. “వచ్చిద్దేమోనని చూశానే. చెబితే నువ్వు కూడా తిండి మానేస్తావని భయపడ్డా.”

“ఏడాది పాటు నేనొక్కదాన్నే తిన్నానన్నమాట,” అంది సర్దార్‌బీ. “పక్కన నువ్వున్నావనుకున్నా.”

ఆ రోజు ఆమె ఏడ్చింది ముక్కు పోయినందుకు కాదు. ఆ ఏడాదిలోని ఆదివారాలన్నీ ఒక్కొక్కటే గుర్తు చేసుకుని ఏడ్చింది.

తర్వాత మూణ్ణెల్లు వాళ్ళు ఎక్కడికీ వెళ్ళలేదు. ఆమె వండి ఆయనకి పెట్టేది, తను తర్వాత వంటింట్లో కూర్చుని తినేది. ఆదివారం మధ్యాహ్నాలు చెరో గదిలో పడుకునేవాళ్ళు. నిద్ర ఇద్దరికీ వచ్చేది కాదు. షావుకారుకి మీరావలి ఉన్న నిజం చెప్పేశాడు. షావుకారు మంచివాడు, కాటా దగ్గర పని ఇచ్చాడు. ఆ తర్వాత ఎవరూ కాయ తెచ్చి చేతిలో పెట్టలేదు.

వానలు వెలిశాక ఒక ఆదివారం మీరావలి చొక్కా తొడుక్కుని గుమ్మంలో నిలబడ్డాడు.

“పద, తోమాని చూసొద్దాం.”

“చూసి ఏం చేస్తాం?”

“నువ్వు తిందువుగాని. నేను పక్కన కూర్చుంటా.”

సర్దార్‌బీ లేచి చీర మార్చుకుంది.

కొత్తపట్నంలో గడపలోనే సంగతి చెప్పేశాడు. “ఎంత పనైందన్నా,” అని తోమా చేతులు పట్టుకున్నాడు. తోమా పెళ్ళాం ఇద్దరికీ వంజరం పులుసు వడ్డించింది. సర్దార్‌బీ మొదటి ముద్ద తినగానే మీరావలి అడిగాడు.

“ఎట్టా ఉందో చెప్పు.”

“బాగుంది.”

“బాగుండిద్దిలే. ఎట్టా?”

పాతికేళ్ళుగా ఆమెకి ఆయనతో ఆ మాట చెప్పాల్సిన అవసరమే పడలేదు. తడుముకుంటూ అంది. “మెంతులు కాస్త ఎక్కువ వేగినై. చింతపండు కొత్తది. చేప... పొద్దున పట్టిందే.”

మీరావలి అంతా విని, అప్పుడు ముద్ద నోట్లో పెట్టుకున్నాడు. నిదానంగా నమిలి, ఏదో వస్తుందేమోనన్నట్టు కాసేపు ఆగాడు.

“తెలిసిందా?”

“లేదు,” అన్నాడు.

ఆయన ముందే చెయ్యి కడుక్కుని సముద్రం ఒడ్డుకి వెళ్ళిపోయాడు. సర్దార్‌బీ మాత్రం లేవలేదు. తోమా పెళ్ళాం మళ్ళీ వడ్డిస్తే వద్దనలేదు. తినడం అయ్యాక వెళ్ళి ఇసకలో ఆయన పక్కన కూర్చుంది.

“కడుపు నిండా తిన్నావా?”

“తిన్నా.”

“రెండోసారి వేయించుకున్నావా?”

“వేయించుకున్నాలే.”

ఆ దశాబ్దం చివరిదాకా నెలకోసారి అలాగే వెళ్ళారు. ఆయన అడిగేవాడు, ఆమె చెప్పేది. రానురాను ఒక్కోసారి ఆయన అడగడం మర్చిపోయేవాడు, ఆమె కూడా గుర్తు చేసేది కాదు. తిరిగొచ్చే బస్సులో ఆమె కిటికీ పక్కన, ఆయన ఇవతల కూర్చునేవాళ్ళు. ఒంగోలు వచ్చేదాకా ఇద్దరూ ఏమీ మాట్లాడుకునేవాళ్ళు కాదు.