పశువుల డాక్టరు రాసిన చీటీ

మా ఊళ్ళో ఆవు ఈనలేక అవస్థ పడుతుంటే ముందు నాకే కబురొస్తుంది. నా హస్తవాసి మంచిదని ఆవపల్లి చుట్టుపక్కల పేరు. ఆ పేరంటే నాకు కొంచెం గర్వం కూడా, దాచుకోవడం దేనికి?

రెండేళ్ళ కిందట వానాకాలంలో మా ఆవు నెలలు నిండకుండానే ఈసుకుపోయింది. చచ్చిన దూడ బయటపడింది గానీ మాయ పడలేదు. ఎప్పటిలాగే మోచేతి దాకా లోపల పెట్టి నేనే తీశాను. కొడవలికి తెగిన వేలు అప్పటికింకా మానలేదు. బూడిదతో చేతులు కడుక్కుని వెళ్ళి అన్నం తిన్నాను.

కొన్ని వారాలకు జ్వరం మొదలైంది. సాయంత్రానికి వచ్చేది, తెల్లారేసరికి చీరంతా చెమటతో తడిసేది. నాలుగు రోజులు తగ్గినట్టే తగ్గి మళ్ళీ పట్టుకునేది. మా వైపు జ్వరమంటే మలేరియానే, ఇంకో పేరు తోచదు. ఊరి ఆరోగ్యం చూసే మితానిన్ మూడుసార్లు వేలు పొడిచి చూసి మలేరియా కాదంది. నేను నమ్మలేదు, కొట్లో మాత్రలు తెప్పించుకుని మింగాను. వరికోతలు నేను లేకుండానే అయిపోయాయి. కోడలికి ఐదో నెల. అయినా పాకలో పేడా పాలూ తనే చూసుకుంటోంది. పుట్టబోయే బిడ్డను చూడకుండానే పోతానేమోనని మంచంలో పడి ఏడ్చేదాన్ని.

అలాంటప్పుడు బ్లాకు నుంచి పశువుల డాక్టరు గాలికుంటు టీకాలు వెయ్యడానికి వచ్చాడు. మా అబ్బాయి వయసువాడు. మాటల్లో మా రెండో ఆవు కూడా ఆ వారమే ఈసుకుపోయిందని మా అబ్బాయి చెప్పాడు.

"మాయ ఎవరు తీసిన్రు?" అని అడిగాడు డాక్టరు.

"మొదటి ఆవుకు నేనే. ఇంకెవరు తీస్తరు?" అన్నాను మంచం మీంచే, గొప్పగా.

అతను ఆవును వదిలేసి నా వైపు తిరిగాడు. "జొరం ఎన్నాళ్ళ సంది అమ్మా? చెమటలు పడుతున్నయా? కీళ్ళు గుంజుతున్నయా?"

నాకు ఒళ్ళు మండింది. "నువ్వు గొడ్ల డాక్టరువి. గొడ్డును సూడు. నన్ను సూసేదేంది?"

అతను నవ్వలేదు, కోప్పడలేదు. ఆవుల నెత్తురు తీసుకున్నాడు. గొడ్లను ఈసుకుపోయేలా చేసే జబ్బు మనిషికీ అంటుతుందని చెప్పి, చీటీ రాసిచ్చి, జిల్లా ఆసుపత్రిలో చూపించి ఖూన్ జాంచ్, అదే నెత్తురు పరీక్ష, చేయించుకోమన్నాడు. గొడ్ల డాక్టరు చీటీ పట్టుకుని నేను ఆసుపత్రికి పోవాలా! తలగడ కిందికి తోసేశాను.

అప్పుడే కోడలు పాలచెంబుతో పాకలోంచి వచ్చింది. అతను దాదాపు అరిచాడు. "ఇగ నువ్వు పాకలకు పోవద్దు చెల్లె. పాలు కాగబెట్టకుండ తాగొద్దు. కడుపుల బిడ్డకు మంచిది కాదు."

తలగడ కింది చీటీని నేనే బయటికి తీశాను.

మర్నాడే మా అబ్బాయి బండెక్కి పోయాను. డాక్టరు అనుమానించిన జబ్బే అని తేలింది. ఆరు వారాలు ఒక్క పూట తప్పకుండా మందులు మింగాను. కోడలికీ పరీక్ష చేసి ఏమీ లేదన్నారు. ఆ మాట విని ఆసుపత్రి వరండాలోనే కూలబడి ఏడ్చాను. తర్వాత అతను ఒకసారి వచ్చి పాకంతా సున్నం చల్లించి, చేతి తొడుగుల డబ్బా ఇచ్చి పోయాడు. ఇప్పుడు ఎవరు పిలిచినా అవి లేకుండా ఆవును ముట్టను. "నీ హస్తవాసి ప్లాస్టిక్కుల దాసినవా?" అని ఊళ్ళో ఎగతాళి చేస్తారు. చెయ్యనీ.

నన్ను బతికించిన మనిషిని తిట్టడమే తిట్టాను, ఒక్కసారి దండం పెట్టింది లేదు. సున్నం చల్లించిన రోజున కూడా సిగ్గేసి లోపలే ఉండిపోయాను. మనవరాలు పుట్టి మూడు నెలలయ్యాక అతను మళ్ళీ టీకాలకు వచ్చాడు. పని కాగానే పిల్లను తెచ్చి, "ఎత్తుకో సారూ" అన్నాను.

"ఆగమ్మా" అని బోరింగు దగ్గరికి పోయి, మోచేతుల దాకా సబ్బు రుద్దుకుని కడుక్కున్నాడు, గోళ్ళ సందులు కూడా. అంతసేపూ ఒక చేత్తో పిల్లను, ఇంకో చేత్తో తువ్వాలును పట్టుకుని నిలబడ్డాను. అతను చేతులు తుడుచుకుని తువ్వాలు భుజాన వేసుకుని, పిల్లను అందుకున్నాడు.

నా రెండు చేతులూ ఖాళీ అయ్యాయి. అప్పుడు దండం పెట్టాను.